సమాజారోగ్యం – ఇల్లు, బడి, పనిచోటు

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం.

ఆరోగ్యం వైద్యశాలలో దొరికే వస్తువు కాదు. అది మనిషి బ్రతికే చోట, చదివే చోట, శ్రమించే చోట ఏర్పడుతుంది, అక్కడే చెడిపోతుంది. ఈ సత్యాన్ని రక్తహీనత అనే ఒక్క సమస్యను ఆధారంగా చేసుకొని వివరించడం ఈ పాఠం ఉద్దేశం. మన దేశంలో స్త్రీలను, బాలబాలికలను నిశ్శబ్దంగా పీడిస్తున్న ఈ లోపం గురించి, దాని నివారణలో విద్యార్థులు నిర్వహించదగిన పాత్ర గురించి ఇందులో తెలుసుకొంటారు.

పాఠం

వారానికొకసారి పాఠశాలలో ఒక చిన్న సన్నివేశం జరుగుతుంది. చాలాచోట్ల అది సోమవారం. మధ్యాహ్న భోజనం ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు ప్రతి విద్యార్థి అరచేతిలో ఒక నీలిరంగు మాత్ర ఉంచుతాడు. కొందరు దానిని వెంటనే మింగుతారు. కొందరు బుగ్గన దాచుకొని, గోడ చాటుకు వెళ్ళి ఉమ్మివేస్తారు. “కడుపులో తిప్పుతుంది” అని ఒకరు, “నాకేం జబ్బని ఈ మందు?” అని మరొకరు అనుకొంటారు. ఆ గోడ చాటున రాలిన మాత్రలో ఏమున్నదో, దాని వెనుక ఎంతటి చరిత్ర ఉన్నదో తెలిస్తే ఎవరూ దానిని పారవేయరు.

ఆ మాత్రలో ఉన్నవి రెండే పదార్థాలు. ఒకటి ఇనుము, రెండవది ఫోలిక్ ఆమ్లం. ఈ రెండూ రక్తం తయారు కావడానికి అత్యవసరమైనవి.

రక్తహీనత అంటే ఏమిటి?

మన రక్తానికి ఎర్రదనాన్నిచ్చేది హీమోగ్లోబిన్ అనే పదార్థం. అది ఎర్ర రక్తకణాలలో ఉంటుంది. ఊపిరితిత్తులలోని ప్రాణవాయువును అందుకొని, శరీరంలోని ప్రతి అవయవానికీ చేరవేయడం దాని పని. హీమోగ్లోబిన్ తయారీకి ఇనుము మూలవస్తువు. ఒక ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. తరువాత దాని స్థానంలో కొత్త కణం పుట్టాలి. కొత్త కణాలు సక్రమంగా పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి.

గర్భిణులు కాని స్త్రీలలో ప్రతి డెసిలీటరు రక్తానికి 12 గ్రాముల కన్న, పురుషులలో 13 గ్రాముల కన్న హీమోగ్లోబిన్ తక్కువగా ఉంటే దానిని రక్తహీనతగా పరిగణిస్తారు. ఈ లోపం జ్వరంలా ఒక్కనాటితో బయటపడదు. మెట్లెక్కితే ఆయాసం, కూర్చొని లేస్తే కళ్ళు తిరగడం, చదివినది మనసుకు పట్టకపోవడం, ఎప్పుడూ నిస్సత్తువగా ఉండడం దీని లక్షణాలు. కంటి కింది రెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్ళు పాలిపోయి కనిపిస్తాయి.

ఒక విద్యార్థినిని ఊహించుకొందాం. ఆమె తెల్లవారుజామున లేచి ఇంటిపనిలో తల్లికి సాయం చేసి, టీ మాత్రం తాగి కళాశాలకు వస్తుంది. మూడవ పీరియడ్ వచ్చేసరికి తల వాల్చేస్తుంది. “బద్ధకం” అంటారు అధ్యాపకులు. “పెళ్ళీడు వచ్చినా పని అంటే ఒళ్ళు వంగదు” అంటారు ఇంట్లోని పెద్దలు. చివరకు ఆమె కూడా తాను సోమరినే అనుకొంటుంది. రక్తహీనతలోని పెద్ద విషాదం ఇదే. అది వ్యాధిగా కనిపించదు. మనిషి స్వభావంగా కనిపిస్తుంది. నింద రోగికి దక్కుతుంది, చికిత్స దక్కదు.

ఈ విద్యార్థిని వంటివారు ఎందరు? 2019–21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 58.8, తెలంగాణలో 57.6. దేశంలో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలను మాత్రమే తీసుకొంటే నూటికి 59 మంది, అదే వయసు మగపిల్లలలో 31 మంది ఈ లోపంతో ఉన్నారు. మగపిల్లలకు ఇది రాదనుకోవడం పొరపాటని ఈ అంకెలే చెబుతున్నాయి. 2015–16 నాటి నాలుగవ సర్వేలో రక్తహీనులైన స్త్రీలు నూటికి 53 మంది. అంటే ఐదేండ్లలో ఈ సమస్య తగ్గకపోగా పెరిగింది. మందు తెలిసిన వ్యాధి ఎందుకు తగ్గడం లేదు? దీనికి సమాధానం మూడుచోట్లలో వెదకాలి: పనిచోటు, బడి, ఇల్లు.

పనిచోటు

ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లం కథ నిజానికి ఒక పనిచోటునుండే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చారు. అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే స్త్రీలు గర్భవతులైనప్పుడు తీవ్రమైన రక్తహీనతకు గురవుతుండేవారు. ఆమె వారి ఆహారాన్ని పరిశీలించారు. పేదరికం వల్ల వారి భోజనంలో పండ్లు, ఆకుకూరలు, మాంసకృత్తులు తక్కువగా ఉన్నట్లు గుర్తించారు. చవకగా దొరికే ఈస్టు సారాన్ని ఇచ్చి చూడగా వారు కోలుకొన్నారు. ఈ ఫలితాలను ఆమె 1931లో ప్రకటించారు. ఆ సారంలో రక్తాన్ని పుట్టించే పదార్థమేదో ఉన్నదని తేలింది కాని, అది ఏమిటో అప్పటికి తెలియలేదు.

పది సంవత్సరాల తరువాత, 1941లో, శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్ భాషలో ‘ఫోలియం’ అంటే ఆకు. ఆకులో దొరికింది కనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అయితే కొద్దిపాటి పదార్థం కోసం గుట్టలకొద్దీ ఆకులు కావలసి వచ్చేవి. దానిని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం దొరికితేనే రోగులకు మేలు కలుగుతుంది. ఆ పనిని సాధించిన బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు జీవితంలో ఈ పరిశోధనకు వ్యక్తిగతమైన కారణమూ ఉన్నది. ఆయన యువకుడుగా ఉన్నప్పుడు స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాతో బలిగొన్నది. ఆ వ్యాధిలో తిన్న ఆహారం ఒంటికి పట్టదు; రోగి రక్తహీనుడై క్షీణిస్తాడు. అదే వ్యాధి సుబ్బారావుకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొన్నాడు. 1923లో అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను పొట్టనబెట్టుకొన్న స్ప్రూ వ్యాధి చికిత్సలోనూ ఆ మందు ఉపకరించింది. 1948లో సుబ్బారావు కన్నుమూశాడు. బొంబాయి మిల్లు కార్మికురాలి దుఃఖం, భీమవరం బిడ్డ పట్టుదల – రెండూ కలిసి నేడు మన అరచేతిలోని మాత్ర అయినాయి.

పనిచోటుకు, రక్తానికి గల సంబంధం మిల్లులతో ముగియలేదు. మన పల్లెలలో వరినాట్లు వేసేవారు, కలుపు తీసేవారు, పత్తి ఏరేవారు, మిరపకాయలు కోసేవారు ఎక్కువమంది స్త్రీలే. పొలంలో మరుగుదొడ్డి ఉండదు. బహిరంగ మలవిసర్జన వల్ల కొంకి పురుగుల గుడ్లు నేలలో చేరతాయి. అవి పొదిగి వచ్చిన డింభకాలు చెప్పులు లేని పాదాల చర్మాన్ని తొలుచుకొని శరీరంలో ప్రవేశిస్తాయి. పేగులకు అంటిపెట్టుకొని రక్తం పీలుస్తాయి. రోజంతా కష్టపడి సంపాదించిన కూలితో తిన్న తిండిలోని సత్తువను ఈ పురుగులు అపహరిస్తాయి.

రక్తహీనత శ్రామికుని సంపాదనను కూడా తగ్గిస్తుంది. ఇండోనేషియాలోని రబ్బరు తోటల కార్మికులపైన, శ్రీలంకలోని తేయాకు తోటల స్త్రీలపైన జరిపిన అధ్యయనాలు 1979లో వెలువడినాయి. రక్తహీనులైన కార్మికులకు ఇనుము మాత్రలు ఇచ్చినపుడు వారు సేకరించిన పాలు, కోసిన ఆకు పరిమాణం పెరిగినట్లు వాటిలో తేలింది. పని తగ్గడానికి కారణం మనసు కాదు, రక్తం.

కాబట్టి కార్మికుల ఆరోగ్యం యజమాని చేసే దానం కాదు. అది పనిలో భాగం. 1948 నాటి కర్మాగారాల చట్టమే త్రాగునీరు, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు, 250 మందికి పైగా కార్మికులున్నచోట భోజనశాల ఉండాలని నిర్దేశించింది. పొలంలో, ఇటుక బట్టీలో, ఇండ్ల నిర్మాణం జరిగే చోట పనిచేసేవారికి కూడా ఇవే అవసరాలుంటాయి. కాలికి చెప్పులు, దగ్గరలో మరుగుదొడ్డి, కడుపునిండా మధ్యాహ్న భోజనం, ఏడాదికొకసారి రక్తపరీక్ష – ఇవి ఖరీదైన కోరికలు కావు.

బడి

యౌవనంలో శరీరం వేగంగా ఎదుగుతుంది. ఎదిగే శరీరానికి ఎక్కువ రక్తం కావాలి. ఆడపిల్లలకు మరొక అవసరం తోడవుతుంది. నెలసరిలో సగటున 30 నుండి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. అంటే నెలకు 15 నుండి 20 మిల్లీగ్రాములు. మనం తిన్న ఆహారంనుండి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుము మాత్రమే ఒంటికి పడుతుంది. ఆ కొద్దిపాటి రాబడిలోనే ఎదుగుదలకు, రోజువారీ ఖర్చుకు, నెలసరి నష్టానికి సర్దుకోవాలి. రాబడి కన్న వ్యయం మించిన సంసారంవలె శరీరం అప్పులపాలవుతుంది.

ఈ లోటు తీర్చడానికే కౌమారదశలోని వారికి వారానికొక మాత్ర ఇచ్చే కార్యక్రమం 2013లో దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. 2018లో మొదలైన ‘రక్తహీనత లేని భారత్’ కార్యక్రమం దీనిని మరింత విస్తరించింది. 10 నుండి 19 ఏండ్లవారికిచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 2015నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. పురుగులను తొలగించకుండా ఇనుము మాత్రమే ఇవ్వడం చిల్లికుండలో నీరు పోయడం వంటిది.

అయితే మాత్ర పంచడం వేరు, మింగించడం వేరు. ఖాళీ కడుపుతో వేసుకొంటే కొందరికి వికారం కలుగుతుంది. భోజనం తరువాత వేసుకొంటే ఆ బాధ తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు. అది ఇనుము వల్ల వచ్చే మార్పు. ఈ రెండు మాటలు ముందుగా చెప్పకపోతే ఒక పిల్ల కడుపునొప్పి అనగానే తరగతి అంతా భయపడుతుంది. పుకారు ఊరంతా పాకుతుంది. మరుసటి వారం మాత్రలు గోడ చాటుకు చేరతాయి. ఉపాధ్యాయుడు తానే ముందుగా ఒక మాత్ర వేసుకొని పిల్లలకు ఇస్తే, పది ఉపన్యాసాలు చేయలేని పని జరుగుతుంది.

బడి చేయవలసినది మరికొంత ఉన్నది. మధ్యాహ్న భోజనంలో ఆకుకూర పప్పు ఉండాలి. చేతులు కడుక్కోవడానికి నీరు, సబ్బు ఉండాలి. తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉండాలి. అది లేనిచోట ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానుకొంటారు; నెలకు కొన్ని రోజులు బడే మానుకొంటారు.

ఇల్లు

పనిచోట చట్టం ఉంది, బడిలో పథకం ఉంది. ఇంట్లో ఉన్నది అలవాటు. చట్టాన్ని మార్చడం కన్న అలవాటును మార్చడం కష్టం.

మన వంటిండ్లలో రక్తాన్ని పెంచే ఆహారానికి కొదవ లేదు. తోటకూర, మునగాకు, పొన్నగంటికూర, ఉలవలు, సజ్జలు, రాగులు, నువ్వులు, మాంసం, కాలేయం, చేపలు మనకు తెలిసినవే. అయితే మాంసాహారంలోని ఇనుము ఒంటికి పట్టినంతగా శాకాహారంలోని ఇనుము పట్టదు. దానికి తోడు కావాలి. ఆ తోడు ‘సి’ విటమిన్. పప్పులో నిమ్మరసం పిండుకోవడం, భోజనంతో ఉసిరిక పచ్చడి, తరువాత ఒక జామపండు – ఇవి ఇనుమును ఒంటికి పట్టిస్తాయి. గింజలను మొలకెత్తించడం, పిండిని పులియబెట్టడం కూడా ఇందుకు సాయపడతాయి. మన పెద్దల ఇనుప మూకుడులో పులుసు ఉడికితే కొంత ఇనుము కూరలోనికి దిగుతుంది. భోజనం వెంట టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. కనీసం గంట ఎడం పాటించాలి. బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పెరుగుతుందనుకోవడం భ్రమ. రంగుకు, రక్తానికి సంబంధం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లనే రాదు. మలేరియా వల్ల రావచ్చు. ‘బి12’ విటమిన్ లోపించినా రావచ్చు. తలసీమియా, గిరిజన ప్రాంతాలలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి వంశపారంపర్యమైనవి. కనుక లక్షణాలు తీవ్రంగా ఉన్నప్పుడు సొంత వైద్యం మాని ఆరోగ్యకేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇనుము మాత్రలు పసిపిల్లలకు అందకుండా దాచాలి. ఎక్కువ మింగితే ప్రాణాపాయం.

ఇన్ని తెలిసినా ఒక ప్రశ్న మిగులుతుంది. వండిన ఆ కూర ఎవరి కంచంలో పడుతున్నది? అనేక ఇండ్లలో ముందు మగవారు, తరువాత పిల్లలు, చివరకు ఇల్లాలు భోంచేస్తారు. ఆమె వంతు వచ్చేసరికి కూర గిన్నె అడుగంటుతుంది. చారునీళ్ళు, పచ్చడి మెతుకులు మిగులుతాయి. “నాకు ఆకలి లేదు” అంటుంది ఆమె. అందరూ నమ్ముతారు. ఆమె పక్కన కూర్చొని తినే కూతురు తల్లి నుండి ఈ పద్ధతినే నేర్చుకొంటుంది. రక్తం చాలని ఆ పిల్లకు చిన్న వయసులో పెండ్లి చేస్తే, లోటుతోనే గర్భవతి అవుతుంది. ప్రసవం తల్లీబిడ్డలకు గండమవుతుంది. పుట్టిన బిడ్డ తక్కువ బరువుతో, తక్కువ ఇనుముతో జీవితం మొదలుపెడుతుంది. తల్లి కంచంలోని కొరత తరతరాల కొరతగా మారుతుంది. సర్వే అంకెలలో సులభంగా కనిపించని కారణం ఇది. ఏ వైద్యుడూ చీటీ మీద రాయలేని మందు దీనికి కావాలి.

ముగింపు

పనిచోటు, బడి, ఇల్లు మూడూ ఒకే రక్తప్రవాహంలో భాగాలు. పొలంలో చెప్పులు లేని పాదం, బడిలో ఉమ్మివేసిన మాత్ర, ఇంట్లో అడుగంటిన గిన్నె – ఒకదాని లోటును మరొకటి పెంచుతుంది. ఒకచోట చేసిన మేలు రెండవచోట నిలవాలంటే ఆ మూడింటిని కలిపేవారొకరు కావాలి. ఉదయం ఇంట్లో, పగలు కళాశాలలో, సెలవులలో పొలంలోనో దుకాణంలోనో ఉండే విద్యార్థి కన్న అందుకు తగినవారు లేరు. తరగతిలో నేర్చినదానిని వంటింటికి తీసుకుపోగలవారు మీరే. తలవాల్చిన స్నేహితురాలిని సోమరి అనకుండా ఆరోగ్యకేంద్రానికి తోడు తీసుకుపోగలవారూ మీరే.

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలన్నారు. భాగ్యాన్ని పంచుకొన్నప్పుడే అది సమాజానిదవుతుంది. ఈ రాత్రి మీ ఇంట్లో అందరికన్న చివర ఎవరు భోంచేస్తారో గమనించండి. ముందు వారికి వడ్డించి, తరువాత మీరు తినండి.

కఠిన పదాలకు అర్థాలు

నిస్సత్తువ – బలం లేకపోవడం, నీరసం
కౌమారదశ – బాల్యానికి, యౌవనానికి నడిమి వయసు
డింభకం – గుడ్డునుండి వెలువడిన పురుగు పిల్ల
మాంసకృత్తులు – శరీర నిర్మాణానికి తోడ్పడే పోషక పదార్థాలు
అపహరించు – దొంగిలించు
వంశపారంపర్యం – తరతరాలుగా సంక్రమించేది
అడుగంటు – అడుగుకు చేరు, అయిపోవచ్చు
గండం – ఆపద

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. రక్తహీనతకు పనిచోటుతో గల సంబంధాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. “చట్టాన్ని మార్చడం కన్న అలవాటును మార్చడం కష్టం” – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.

1. ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు ఎట్లా వచ్చింది?
2. ఇనుము మాత్రను భోజనం తరువాత ఎందుకు వేసుకోవాలి?
3. కొంకి పురుగులు శరీరంలోనికి ఏ విధంగా ప్రవేశిస్తాయి?
4. శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఏమి చేయాలి?

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. ఎర్ర రక్తకణం ఎన్ని రోజులు జీవిస్తుంది?
2. యల్లాప్రగడ సుబ్బారావు ఎక్కడ జన్మించాడు?
3. లూసీ విల్స్ బొంబాయిలో ఎవరి ఆహారాన్ని పరిశీలించారు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. నింద రోగికి దక్కుతుంది, చికిత్స దక్కదు.
2. పని తగ్గడానికి కారణం మనసు కాదు, రక్తం.
3. తల్లి కంచంలోని కొరత తరతరాల కొరతగా మారుతుంది.

V. వ్యాకరణం

సంధులు:
సమాజ + ఆరోగ్యం = సమాజారోగ్యం – సవర్ణదీర్ఘ సంధి
అతి + అవసరం = అత్యవసరం – యణాదేశ సంధి
వారానికి + ఒకసారి = వారానికొకసారి – ఇకార సంధి

సమాసాలు:
తల్లీబిడ్డలు – తల్లియును, బిడ్డయును – ద్వంద్వ సమాసం
మూడుచోట్లు – మూడైన చోట్లు – ద్విగు సమాసం
రక్తపరీక్ష – రక్తము యొక్క పరీక్ష – షష్ఠీ తత్పురుష సమాసం

VI. ప్రాజెక్టు పని

మీ ఇంట్లో వారం రోజులపాటు ఎవరు ఏ వేళకు, ఏ వరుసలో, ఏమేమి తిన్నారో ఒక పట్టికలో నమోదు చేయండి. ఆ పట్టికను ఇంటిల్లిపాదితో కలిసి చదివి, మార్చుకోదగిన రెండు అలవాట్లను నిర్ణయించి రాయండి.